మొనదేలిన గడ్డం

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక పెద్దమనిషి పరువు, ఒక కుర్రవాడి చదువు, ఒక బడెడు పిల్లల బుద్ధి ఒకే మధ్యాహ్నం ప్రమాదంలో పడతాయి. ఆ మూడింటినీ అందులోకి నెట్టినవాడిని నేనే. ప్రాణనష్టమేమీ లేదు. ఒక కోతికి మాత్రం మంచి పేరొచ్చింది.

అప్పుడు నేను హైదరాబాద్‌లో యానిమేషన్ కోర్సు మొదటి సంవత్సరంలో ఉన్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి సిద్దిపేట వచ్చేవాణ్ణి, ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్లేవాణ్ణి. మధ్యలో ఉన్న సమయమంతా ఇంట్లోవాళ్లకు బొమ్మల సినిమాలు ఎట్లా చూడాలో నేర్పేవాణ్ణి. నిండు కుండ తొణకదంటారు. నాది సగం కుండ కూడా కాదు, అడుగున నాలుగు చుక్కలున్న కుండ. బస్సు కుదుపులకే పొంగి పొర్లేది.

పాపం, మా అమ్మ పని ముగించుకొని టీవీ ముందు కూర్చునేది. తెరమీద ఏ బొమ్మ కదిలినా రిమోట్ నా చేతిలో ఉండేది.

“ఆగాగు అమ్మా. గా పోరి తల తిప్పే ముంగట రెప్ప కొట్టింది సూసినవా? ఎందుకు కొట్టిందో చెప్పు.”

“కంట్ల నలుసు పడ్డదేమో.”

“నలుసు కాదమ్మా! తల తిప్పేటప్పుడు రెప్ప కొట్టకపోతె బొమ్మ చచ్చినట్టుంటది. రెప్ప కొడితెనే పానమొస్తది.”

“సరే, పానమొచ్చింది గద. ఇగ నడువనియ్యి.”

నేను నడవనిచ్చేవాణ్ణి కాదు. ఇంకో రెండు నిమిషాలకు మళ్లీ ఆపేవాణ్ణి. “గీ సినిమాలల్ల తల్లులు సగం దాక బతుకరు, గమనించినవా?”

“ఎందుకురా? మేమేం పాపం చేసినం?”

“తల్లి బతికుంటె హీరో ఇల్లు దాటడమ్మా. తినిపో అంటది, చలిపెడ్తది స్వెటర్ ఏసుకో అంటది. కథ గడపకాడ్నే ఆగుతది.”

అమ్మ కాసేపు ఆలోచించింది. “నిజమే. నేనైతె పోనియ్య” అంది. నా జీవితంలో నా విమర్శను పూర్తిగా ఒప్పుకున్న మొదటి ప్రేక్షకురాలు ఆవిడే.

ఆ ఏడాది మాకు క్లాసులో చెప్పిన పాఠాల్లో నా తలకెక్కినది ఆకారాల పాఠం. గుండ్రంగా గీస్తే మంచివాడు, చతురస్రంగా గీస్తే స్థిరమైనవాడు, త్రికోణంగా గీస్తే విలన్. పాఠం చెప్పినాయన “ఇది సాధారణంగా” అని ఒక మాట అన్నాడు. నేను మిగతాదంతా రాసుకుని ఆ ఒక్క మాటను వదిలేశాను. ఇక ఊళ్లో ఎవరిని చూసినా నాకు ఆకారమే కనిపించేది. కోమటి చెరువు కట్టమీద సాయంత్రం షికారుకొచ్చే జనాన్ని కూర్చుని వర్గీకరించేవాణ్ణి. మా అమ్మ గుండ్రం. మా బాపు చతురస్రం, తన దుకాణంలో ఎరువుల బస్తాకూ ఆయనకూ కొలతల్లో పెద్ద తేడా లేదు.

బాపు పేరు మల్లేశం. మార్కెట్ దగ్గర ఎరువుల దుకాణం. ఇంటర్ అయ్యాక నేను ఈ కోర్సు చదువుతానంటే ఆయన కోప్పడలేదు. అర్థం చేసుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించాడు.

“బొమ్మలు గీసుడా?” అన్నాడు.

“గీసుడు ఒక్కటే కాదు బాపూ, కదిలిచ్చుడు.”

“కదిలిచ్చి?”

“సినిమా తీసుడు.”

“మనుషులను పెట్టి తియ్యరాదా? గంత తిప్పలెందుకు?”

ఆ తిప్పలేవీ వద్దని బాపు నన్ను దుకాణంలో కూర్చోబెట్టాలని నిశ్చయించుకున్నాడు. సరిగ్గా అప్పుడే యూరియా కోసం వచ్చిన యాదగిరి సార్ నన్ను కాపాడాడు.

యాదగిరి సార్ మేము చదివిన బడికి హెడ్మాస్టరు, నాకు లెక్కలు చెప్పిన గురువు. సన్నటి మనిషి, ఎవరితోనైనా నాలుగు మాటలకు మించి మాట్లాడడు. నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ రోజు మాత్రం బస్తాల మీద కూర్చుని బాపుతో చాలాసేపు మాట్లాడాడు.

“మల్లేశం, నీ కొడుకు లెక్కల కాపీ నిండ కోతులను గీసిండు. లెక్కలు మంచిగ లెవ్వు. కోతులు మంచిగున్నయి. ఒక్క ఏడు సదివిచ్చి సూడు.”

బాపు తల గోక్కున్నాడు. “మీరు చెప్తున్నరని ఒక్క ఏడు సార్. వచ్చే ఏడు మీరు రిటైర్ అయ్యేనాటికి వీడేం నేర్సిండో నేను నా కండ్లతోని సూడాలె. మంచిగుంటె సదువు. లేకుంటె దుకాణంల కూసుంటడు.”

“ఒప్పందమే” అన్నాడు సార్.

అట్లా నా భవిష్యత్తు సార్ పదవీ విరమణతో ముడిపడింది. ఆ సన్మాన సభలో చూపించడానికి ఆయన మీదే చిన్న బొమ్మల సినిమా తీయాలని నిర్ణయించుకున్నాను. గురుదక్షిణ గురుదక్షిణగా ఉంటుంది, బాపుకు రుజువు రుజువుగా ఉంటుంది.

ఆ చలికాలమంతా హాస్టల్‌లో కూర్చుని గీశాను. ఎంత ప్రేమగా గీశానంటే, సార్ గురించి నాకు గుర్తున్న ఏ చిన్న సంగతినీ వదల్లేదు. ఆయన వస్తుంటే ముందు చెప్పుల కిర్రు వినిపించేది, కాబట్టి చెప్పులతో మొదలుపెట్టాను. సాయంత్రం పూట వరండాలో ఆయన నీడ గేటు దాకా పడేది, నీడ వేశాను. చలికాలమంతా వాళ్లింటావిడ అల్లిన ఊదారంగు స్వెటర్ వేసుకునేవాడు, అది వేశాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పగానే మొదటి ముద్ద గోడమీద కాకికి పెట్టేవాడు, కాకిని వేశాను. ఆయనది మొనదేలిన గడ్డం, గొడుగు చివరలాగా. ఉన్నదున్నట్టు గీశాను.

ఇక కథ. మా బడిలో ఏళ్ల తరబడి చెప్పుకునే కథ ఒకటుంది. మధ్యాహ్న భోజనం గుడ్లను ఒక కోతి ఎత్తుకుపోతుంటే సార్ కట్టె పట్టుకుని బడి చుట్టూ తరిమి, ఒక్క గుడ్డు కూడా పగలకుండా వెనక్కి తెచ్చిన కథ. అదే నా సినిమా. కోతిని నున్నగా, గుండ్రంగా గీశాను. దానికి కళాత్మక కారణమేమీ లేదు. గుండ్రమైతే తొందరగా అయిపోతుంది.

సన్మానం నాటికి ఎండలు ముదిరాయి. బడి హాల్లో కిటికీలకు టెంట్ హౌస్ వాళ్ల తివాచీలు కట్టి చీకటి చేశారు. గోడకు తెల్ల తెర, ప్రొజెక్టర్, మైకు. పిల్లలంతా నేలమీద కూర్చున్నారు. అంతా సిద్ధం. ముఖ్య అతిథి మాత్రం లేడు.

ఫోన్ చేస్తే “వస్తున్నం, వస్తున్నం, గిక్కడ్నే ఉన్నం” అన్నారట. మా వైపు ఆ మాటకు అర్థం ఇంకా బయలుదేరలేదని. పెద్దలంతా దండలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. సార్ అక్కడే, బాపు అక్కడే. హాల్లో పిల్లలు ఉక్కపోతకు ఒకరి జుట్టొకరు పీక్కుంటున్నారు. తెలుగు చెప్పే సుజాత టీచర్ పరుగున వచ్చి మైకు నా చేతిలో పెట్టింది.

“నవీన్, అతిథి వచ్చేదాక జర పిల్లలకు ఏమన్న చెప్పు బిడ్డా. నువ్వు సినిమాల సదువు సదువుతున్నవ్ గద.”

“ఏం చెప్పాలె టీచర్?”

“ఏదన్న చెప్పు. లొల్లి చెయ్యకుంటె సాలు.” అని గేటు దగ్గరికి వెళ్లిపోయింది.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు. కొబ్బరికాయను కోతి కాసేపు దొర్లించి వదిలేస్తుంది. నేను మైకును వదల్లేదు. ఒక ఏడాదిగా మా అమ్మ తప్ప వేరే శ్రోత లేని నాకు ఒక్కసారిగా బడెడు మంది దొరికారు.

“పిల్లలూ, బొమ్మల సినిమాలు ఎవరెవరు చూస్తరు?”

హాలంతా చేతులు లేచాయి.

“మరి విలన్‌ను ఎట్ల గుర్తుపట్టాల్నో ఎవరికన్న తెలుసా?”

చేతులన్నీ దిగాయి. ఆహా, ఇదీ అజ్ఞానం అనుకున్నాను. లాల్చీ చేతులు పైకి మడిచాను.

“విలన్ వచ్చేటప్పుడు ఆని మొఖం చూపియ్యరు. మొదలు చెప్పులు చూపిస్తరు. కిర్రు కిర్రుమని సప్పుడొస్తది. ఏమొస్తది?”

“కిర్రు కిర్రు!”

“తర్వాత నీడ. పొడుగ్గ, గోడ మీదికి ఎక్కుతది.”

ముందు వరుసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది. పేరు అక్షిత, ఐదో తరగతి. “అన్నా, నీడ ఎందుకంత పొడుగుంటది?”

“పాపం ఎంత ఎక్కువుంటె నీడ గంత పొడుగు.”

ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. మైకు పట్టుకుంటే అట్లాంటివి వాటంతటవే వస్తాయి.

“ఇగ బట్టలు. విలన్లందరు ఒక్క దర్జీ దగ్గరనే కుట్టిపిస్తరు. అన్నీ ఊదారంగే! పక్కకు ఒక నల్లపిట్ట ఉంటది, భుజం మీదనో, గోడ మీదనో. ఆఖరుకు మొఖం. మంచోళ్ల మొఖం గుండ్రం. విలన్ గడ్డం ఇట్ల మొనదేలి ఉంటది. ఇప్పుడు చెప్పుండ్రి. గుండ్రం?”

“మంచోడు!”

“మొన గడ్డం?”

“విలన్!”

“అన్నా, విలన్ నవ్వితె?” అంది అక్షిత.

“మొదలు మంచోని లెక్కనే నవ్వుతడు. నమ్మద్దు!”

“నమ్మద్దు!” అంది హాలంతా. ఆ శబ్దానికి కిటికీ తివాచీలు కదిలాయి. మళ్లీ అడిగాను, మళ్లీ చెప్పారు. చివరి వరుసలో నిద్రపోతున్న ఒకటో తరగతి పిల్లలు కూడా లేచి చెప్పారు. నా ఛాతీ ఉబ్బింది. ఈ పిల్లలు నన్ను ఎప్పటికీ మరిచిపోరని కూడా అనుకున్నాను. ఆ మాట మాత్రం నిజమే అయ్యింది.

మీరు అడగవచ్చు, నువ్వు చలికాలమంతా గీసిన సినిమా ఆ క్షణాన నీకు గుర్తుకు రాలేదా అని. రాలేదు. సార్‌ను గీసింది ఒక నవీన్, ఉపన్యాసం ఇచ్చింది ఇంకో నవీన్. ఒకడు మనిషిని చూసి గీశాడు, రెండోవాడు సినిమాలు చూసి మాట్లాడాడు. ఇద్దరికీ అప్పటికింకా పరిచయం కాలేదు.

ముఖ్య అతిథి వచ్చాడు. దండలు, శాలువాలు, ప్రసంగాలు అయ్యాయి. సార్, అతిథి, వాళ్ల పక్కన బాపు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. సుజాత టీచర్ మైకులో, “ఇప్పుడు మన పూర్వ విద్యార్థి నవీన్, సార్ మీద ప్రేమతో తీసిన సినిమా” అని చెప్పింది. లైట్లు ఆర్పారు. నేను ల్యాప్‌టాప్ పక్కన నిలబడి బాపు ముఖమే చూస్తున్నాను.

తెరమీద చెప్పులు వచ్చాయి. కిర్రు కిర్రు.

“విలన్ వస్తుండు” అని ముందు వరుసలో ఎవరో గుసగుసలాడారు.

ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అని మురిసిపోయాను. నిజంగా మురిసిపోయాను. ఆ మురిపెం నీడ పడేదాకా ఉంది.

“నీడ! నీడ! గేటు దాక ఉన్నది!”

అప్పుడు నా ఉపన్యాసం నాకే గుర్తొచ్చింది. తర్వాత ఏమొస్తుందో ఆ హాల్లో అందరికంటే నాకే బాగా తెలుసు. గీసింది నేనే కదా.

“ఊదారంగు!”

“పిట్ట! గోడ మీద నల్లపిట్ట!”

ఇక మిగిలింది ఒక్కటే. తెరమీద సార్ మెల్లగా ఇటు తిరిగాడు. తల తిప్పే ముందు రెప్ప కూడా కొట్టాడు. ఆ గడ్డం తెర నిండా వచ్చింది.

“విలన్!”

బడి మొత్తం ఒక్క గొంతు. ముఖ్య అతిథి ఉలిక్కిపడి బాపు వైపు వంగాడు. “ఏందయ్యా, పిల్లలు సార్‌ను ఏమంటున్నరు?”

బాపు మెడ నా వైపు తిప్పాడు. చతురస్రం స్థిరత్వానికి గుర్తని చెప్పాను కదా. ఆ ముఖం చాలా స్థిరంగా ఉంది.

తెరమీద సార్ పిల్లల్ని చూసి నవ్వాడు. నిజ జీవితంలో ఆయన నవ్వడం చూడలేదు కాబట్టి ఆ నవ్వు కోసం నేను రెండు వారాలు కష్టపడ్డాను.

“నమ్మద్దు! నమ్మద్దు!”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ తెలుసు. నేను మైకు పట్టుకున్నాను. “పిల్లలూ, గాయన విలన్ కాదు! మన సార్! మంచోడు!”

అక్షిత లేచి నిలబడింది. “మొదలు మంచోని లెక్కనే నవ్వుతడని నువ్వే చెప్పినవ్ గదన్నా!”

“అది సినిమాలల్ల చెల్లె!”

“గిది సినిమానే గదన్నా!”

ఆ పిల్ల ఇప్పుడు లాయరు చదువుతానంటోందట. చదవాల్సిందే.

ఇంతలో కోతి వచ్చింది. గుండ్రటి తల, గుండ్రటి పొట్ట. గోరుచుట్టు మీద రోకటిపోటు. “మంచోడు! హీరో!” అని పిల్లలు చప్పట్లు కొట్టారు. హీరో గుడ్ల గంప ఎత్తుకున్నాడు. విలన్ కట్టె పట్టుకుని వెంటపడ్డాడు. “ఉరుకు! ఉరుకు! దొరకకు!” అని హాలంతా కోతికి ధైర్యం చెబుతోంది. వాళ్ల గుడ్లే అవి, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఎట్లాగైనా సినిమా ఆపాలని ల్యాప్‌టాప్ మీద ఒక్క దెబ్బ వేశాను. ఆగింది. ఆగకపోయినా బాగుండేది.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. బొమ్మ వేగంగా పరుగెత్తేటప్పుడు మధ్యలో ఒకటి రెండు బొమ్మల్ని సాగదీసి గీస్తాం. ముఖం సొరకాయంత పొడవవుతుంది, చేతులు రెండింటికి బదులు నాలుగైదు ఉంటాయి. అవి కంటికి ఆనకుండా దాటిపోతాయి కాబట్టి పరుగు సహజంగా కనిపిస్తుంది. ఆ బొమ్మల్ని ఆపి చూడకూడదు. నేను సరిగ్గా అక్కడే ఆపాను.

తెరమీద మా గురువుగారు. గడ్డం నేలకు తగులుతోంది. నాలుగు చేతుల్లో నాలుగు కట్టెలు. పళ్లు రెండు వరుసలు.

ఒకటో తరగతి పిల్లలు బావురుమన్నారు. నాకూ ఏడుపొచ్చింది, వయసు అడ్డొచ్చి ఆగాను. నన్ను చదివించమని బాపును బతిమాలిన మనిషిని, ఆయన బడిలో, ఆయన ఆఖరి రోజున, ఆయన పిల్లల చేతే తిట్టించాను. నా చదువు పోతే పోయింది, సార్ ముఖం ఎట్లా చూడాలన్నదే నా భయం.

కుర్చీ జరిగిన చప్పుడైంది. సార్ లేచాడు. హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, కిర్రు కిర్రు. నేలమీద కూర్చున్న పిల్లలకు ముందు చెప్పులే కనిపించాయి. ఆయన ప్రొజెక్టర్ ముందుకు రాగానే పొడవాటి నీడ గోడమీదికి ఎక్కింది. తర్వాత ముఖం ఇటు తిరిగింది. ఈసారి ఎవరూ ఏమీ అరవలేదు.

సార్ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. “ఎవరు చెప్పిన్రు మీకు గివన్ని?”

“నవీనన్న” అన్నారు పిల్లలు సన్నగా.

“ఏం చెప్పిండు? గుండ్రం?”

“మంచోడు.”

“మొన గడ్డం?”

ఎవరూ చెప్పలేదు. “భయపడకుండ్రి. మొన గడ్డం?”

“విలన్!”

సార్ ముఖ్య అతిథి వైపు తిరిగాడు. “సార్, నా సర్వీసంత పదిహేనో ఎక్కం చెప్పిన. ఒక్కనాడన్న నా పిల్లలు గిట్ల ఒక్క గొంతుతోని జవాబు చెప్పలే. గీ పోరడు గంటల నేర్పిండు. ఇయ్యాల నాకు శాలువా కప్పిన్రు గని, కప్పాల్సింది వీనికి.”

అతిథి పెద్దగా నవ్వాడు. అతిథి నవ్వాడని పెద్దలంతా నవ్వారు. బాపు నవ్వలేదు. లేచి నిలబడి చేతులు జోడించాడు.

“మీది పెద్ద మనసు సార్. గని నేను సూడాల్సింది సూసిన. రేపటి సంది వీడు దుకాణంల కూసుంటడు.”

“ఆగు మల్లేశం” అన్నాడు సార్. “ఆదివారం మా మనుమరాలు వస్తది. గీ సినిమాల నా మొఖం జర మంచిగ దిద్ది ఇంటికి పట్కరమ్మను. గా పిల్ల సూసి మంచిగున్నదంటె సదివియ్యి. లేదంటె నేను నడుమల రాను.”

బాపు కాదనలేకపోయాడు. సార్ మాట అట్లాంటిది.

ఆదివారం దాకా నేను అన్నం సరిగా తినలేదు. ఇక పొరపాటుకు తావివ్వకూడదని సార్‌ను నఖశిఖపర్యంతం మంచివాణ్ణి చేశాను. గడ్డం గుండ్రం చేశాను. చెంపలు నింపాను. స్వెటర్ లేత నీలం చేశాను. కాకిని తీసేశాను. నీడను కురచ చేశాను. చెప్పుల కిర్రు తీసేసి సన్నాయి పెట్టాను. చూసుకుంటే వెన్నముద్దలా ఉన్నాడు.

ఆదివారం బాపు బండిమీద సార్ ఇంటికి వెళ్లాం. సార్ మనుమరాలు చిన్నపిల్ల, ఇంకా బడికి పోవడం లేదు. సార్ ఒళ్లో కూర్చుంది. పక్కన వాళ్ల నానమ్మ. ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టి సినిమా వేశాను.

పాప కిమ్మనకుండా చివరిదాకా చూసింది. అయిపోయాక సార్ గడ్డం పట్టుకుని అడిగింది.

“తాతా, గీ రెండు కోతులు ఎందుకు కొట్లాడుకుంటున్నయి?”

వాళ్ల నానమ్మ కళ్లద్దాలు సవరించుకుని తెర దగ్గరికి వంగింది. “అవునండీ, ఇందుల మీరేరి?”

అంతే. యాదగిరి సార్ నవ్వాడు. మామూలుగా కాదు. దగ్గొచ్చి, కళ్లలో నీళ్లొచ్చి, వాళ్లావిడ వీపు నిమిరేదాకా నవ్వాడు. నేను రెండు వారాలు కష్టపడి గీసిన నవ్వు ఆ నవ్వు ముందు దేనికీ పనికిరాదని అప్పుడు తెలిసింది. బాపు మాత్రం బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

“పాతది ఉన్నదా?” అన్నాడు సార్ కళ్లు తుడుచుకుంటూ.

“ఉన్నది సార్. గని...”

“ఎయ్యి.”

వేశాను. చీకటి తెరమీద చెప్పులు వచ్చాయి. కిర్రు కిర్రు.

“తాత!” అంది పాప.

నీడ ఇంకా పడనే లేదు. పాప ఒళ్లోంచి దిగి తెర దగ్గరికి వెళ్లింది. స్వెటర్ రాగానే వాళ్ల నానమ్మ, “అయ్యో, గది నేనల్లిందే” అంది. కాకి రాగానే పాప, “తాతా, నీ కాకి!” అంది. ముఖం తిరిగి ఆ గడ్డం తెర నిండా వచ్చేసరికి పాప వంగి దానికి ముద్దు పెట్టింది. ల్యాప్‌టాప్ మీద తడి మరక పడింది.

సినిమా అదే. బొమ్మ అదే. గడ్డం మొన ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తేడా ఒక్కటే, ఆ పాప నా ఉపన్యాసం వినలేదు.

బాపు చాలాసేపు ఆ మరకనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తాళం జేబులో వేసుకుని లేచాడు.

“బొమ్మ మంచిగనే ఉన్నది” అన్నాడు నాతో. “నీ నోరే మంచిగ లేదు. నోరు మూసుకొని సదువుకో.”

నేను చదువుకుంటున్నాను. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. అమ్మకు రిమోట్ తిరిగి ఇచ్చేశాను. సకల ఆకారాల సాక్షిగా, గుండ్రాలూ చతురస్రాలూ త్రికోణాలూ వినగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ముఖ్య అతిథి ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎవరు ఎంత బలవంతంగా మైకు చేతిలో పెట్టినా, పిల్లలు ఎంత లొల్లి చేసినా, బొమ్మల సినిమాల గురించి ఈ జన్మలో నోరు తెరవను.

ఇదంతా రాసి చెప్పానని, ఒక్క ముక్క కూడా నోటితో చెప్పలేదని మనవి.